ఐడల్ కథల్లో అక్కాచెల్లెళ్లు: అపోహలు - వాస్తవాలు

ఆరేళ్లుగా తెలుగులో కొరియన్ ఐడల్స్ (అక్కడి పాప్ గ్రూపుల్లో పాడి ఆడే తారలు) కథలు రాస్తున్నాను. నిజంగా ఉన్న గ్రూపుల మీద కాదు, నేను కల్పించుకున్న గ్రూపు మీద. ఐదుగురు అమ్మాయిలు. లీడర్ యున్సొ, అందరికంటే చిన్నది దమి. యున్సొకి దమి గొంతంటే ప్రాణం, దమి మీద ఈగ వాలనివ్వదు. సీరియల్ నడిచేదంతా వీళ్లిద్దరి మీదే.

ఈ మధ్య ఇలాంటి కథలు మొదలుపెట్టినవాళ్లు తమ మొదటి భాగాలు నాకు పంపుతున్నారు. అన్నీ శ్రద్ధగా చదువుతున్నాను. దాదాపు అందరూ ఒకే చోట, ఒకరినొకరు కాచుకునే ఈ బంధం దగ్గరే, తప్పటడుగు వేస్తున్నారు. ఒకప్పుడు నేనూ అక్కడే వేశాను. అందుకే ఇది రాయాలనిపించింది.

అపోహ: కాపాడడమంటే అందరి ముందూ ఎదురుతిరగడం

సీరియల్ మొదట్లో ఒక ప్రెస్ మీట్ సీన్ రాశాను. ఒక విలేకరి దమి బరువు గురించి వెకిలిగా అడుగుతాడు. యున్సొ లేచి నిలబడి అతన్ని కడిగేస్తుంది. రాస్తున్నప్పుడు నాకే ఒళ్లు పులకరించింది. సియోల్‌లో చదువుకుంటున్న ఒక తెలుగమ్మాయి అది చదివి ఒకే ఒక్క ప్రశ్న పంపింది: "మర్నాడు హెడ్డింగ్ ఎవరి పేరుతో వస్తుందండీ?"

దమి పేరుతోనే వస్తుంది. అదీ ఆమె బరువు గురించే. అంటే యున్సొ కాపాడబోయి, ఒక గదిలో ఆగిపోవాల్సిన మాటను దేశమంతా మోగించిందన్నమాట. ఆ సీన్ తీసేశాను.

ఇప్పుడు నా యున్సొ మైకు తన వైపు తిప్పుకుంటుంది. "డైట్ సంగతి నన్నడగండి, అర్ధరాత్రి రామెన్ తింటూ మేనేజర్‌కి దొరికిపోయింది నేనే" అంటుంది. అందరూ నవ్వుతారు, ప్రశ్న దారి మళ్లుతుంది. బల్ల కింద దమి చెయ్యి మాత్రం వదలదు. గ్రూపులో పెద్దవాళ్లు చేసేది చాలావరకు ఇలాగే ఉంటుంది. దెబ్బ తన వైపుకి తిప్పుకోవడం, అదీ నవ్వుతూ.

కొరియాలో ఒక మాట ఎంత గాయం చేస్తుందో తెలియకపోతే ఈ సీన్ పండదు. 2019 అక్టోబరులో గాయని సల్లి, నవంబరులో గాయని గూ హారా చనిపోయారు. ఇద్దరూ ఏళ్ల తరబడి నెట్‌లో విషపు మాటలు పడ్డవాళ్లే. ఆ అక్టోబరులోనే డౌమ్ అనే వెబ్ పోర్టల్ వినోద వార్తల కింద కామెంట్లు మూసేసింది. 2020 మార్చిలో నేవర్ పోర్టల్ కూడా మూసేసింది. కాబట్టి మీ కథ ఏ ఏడాది జరుగుతోందో ముందు తేల్చుకోండి. 2018 అయితే ప్రతి వార్త కిందా ఆ కామెంట్లు ఉంటాయి, దమి రాత్రి దుప్పటి కప్పుకుని అవి చదువుతూ ఉంటుంది. 2022 అయితే అదే విషం సోషల్ మీడియాలో ఉంటుంది. ససెంగ్‌లు అంటే ఐడల్స్ వెంటపడి వేధించే అభిమానులు. వాళ్ల విషయమూ అంతే. కొరియాలో స్టాకింగ్‌కి ప్రత్యేక చట్టం అమల్లోకి వచ్చింది 2021 అక్టోబరులో. అంతకు ముందు అది చాలాసార్లు చిన్న జరిమానాతో పోయే తప్పు. అప్పటి యున్సొ మేనేజర్‌ని బతిమాలుతుంది. ఇప్పటి యున్సొ స్క్రీన్‌షాట్లు తారీఖులతో సహా దాచి లీగల్ టీమ్‌కి పంపిస్తుంది. ప్రేమ అదే, చేసే పని మారింది.

అపోహ: అభిమానం ఉన్నచోట అసూయ ఉండదు

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. ఎందుకంటే అసలు కథంతా ఇక్కడే ఉంది, చాలామంది దీన్ని దాటేసి వెళ్లిపోతున్నారు.

ఒకసారి లెక్క వేసి చూడండి. పాట మూడు నిమిషాలు, అంటే 180 సెకన్లు. ఐదుగురికి సమానంగా పంచితే మనిషికి 36 సెకన్లు. ఎప్పుడూ సమానంగా పంచరు. మెయిన్ వోకల్‌కి 60 ఇచ్చారంటే మిగతా 120 నలుగురూ పంచుకోవాలి. దీన్నే లైన్ డిస్ట్రిబ్యూషన్ అంటారు. అభిమానులు సెకన్లతో సహా లెక్కగట్టి వీడియోలు పెడతారు. అంటే దమికి వచ్చే ప్రతి సెకనూ ఇంకొకరి నోట్లోంచి తీసిందే. యున్సొకి ఆ విషయం తెలుసు.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. యున్సొ పద్నాలుగో ఏట ఐడల్స్‌ని తయారుచేసే కంపెనీలో ట్రైనీగా చేరింది. ఏడేళ్లు శిక్షణ. ప్రతి నెలాఖరునా పరీక్ష ఉంటుంది: పాట, డాన్స్, కెమెరా ముందు నిలబడడం, తర్వాత మార్కులు. మార్కులు తగ్గినవాళ్లు సర్దుకుని ఇంటికి వెళ్తారు. యున్సొ కళ్ల ముందే ఎంతమందో వెళ్లిపోయారు. తనకి పంతొమ్మిది వచ్చేసరికి ఒక రాత్రి ప్రాక్టీస్ రూమ్ తలుపు సందులోంచి ఒక గొంతు వినిపించింది. నిన్న కాక మొన్న చేరిన పద్నాలుగేళ్ల పిల్ల. తాను ఐదేళ్లుగా కష్టపడుతున్న స్వరాన్ని ఆ పిల్ల నీళ్లు తాగినంత తేలిగ్గా పాడేస్తోంది.

ఆ క్షణంలో యున్సొ లోపల ఏముందో మీరు రాయాలి. "ఆమె హృదయం మురిసిపోయింది" అని రాసేస్తే అది అబద్ధం. కడుపులో ముద్ద పడుతుంది. కాళ్లు కదలవు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాలనీ ఉంటుంది, పారిపోవాలనీ ఉంటుంది. నా కథలో ఆమె తలుపు దగ్గరే కూర్చుని పాట అయిపోయేదాకా వింటుంది. అయ్యాక లోపలికి వెళ్లి "ఆ పై స్వరం దగ్గర భుజాలు బిగపడుతున్నావు, వదిలెయ్" అంటుంది. అదే మొదటి మాట. మెచ్చుకోలు కూడా కాదు. కానీ అంత శ్రద్ధగా విన్నవాళ్లే అలా చెప్పగలరు. దమికి ఆ సంగతి వెంటనే అర్థమవుతుంది.

ఈ ముల్లు యున్సొలో ఎప్పటికీ పోదు. పోనివ్వకండి. ఎంత నొప్పిగా ఉన్నా ఆ గొంతు ఈ లోకంలో ఉండాలని ఆమె కోరుకుంటుంది, తన సెకన్లు తగ్గినా సరే. ఆ కోరికలోంచే కాపాడే బుద్ధి పుట్టింది. ముందు దమి పాట మీద గౌరవం, తర్వాతే దమి మీద జాలి, బెంగ, అన్నీ. ఈ వరస తారుమారైతే యున్సొ ఒట్టి ఆయాలా మిగిలిపోతుంది.

అపోహ: పెద్దవాళ్లే చిన్నవాళ్లను కాస్తారు

కొరియాలో వయసుకి ఉన్న పట్టింపు మన తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. అమ్మాయి తనకంటే పెద్దమ్మాయిని ఉన్నీ అంటుంది, పెద్దబ్బాయిని ఒప్పా అంటుంది. అబ్బాయైతే నూనా, హ్యొంగ్. మనకి అన్న, అక్క పిలిచేవాళ్లు ఎవరైనా ఒకటే. వాళ్లకి పిలిచేది ఆడో మగో బట్టి మాట మారుతుంది. చిన్నవాళ్లకి మనం చెల్లి, తమ్ముడు అని వేరు చేస్తాం, వాళ్లు మామూలుగా ఇద్దరికీ కలిపి తొంగ్‌సెంగ్ అనేస్తారు. గ్రూపులో అందరికంటే చిన్నవాళ్లని మక్నే అంటారు.

మన "మీరు", "నువ్వు" లాగే వాళ్లకి జొండేమల్, బన్మల్ ఉన్నాయి. పెద్దవాళ్లు "ఇక మామూలుగా మాట్లాడు" అంటేనే చిన్నవాళ్లు మర్యాద రూపాలు వదులుతారు. తెలుగులో రాసేవాళ్లకి ఇది వరం. నా సీరియల్లో దమి ఇరవై రెండు భాగాల పాటు యున్సొని "మీరు" అనే అంటుంది. ఇరవై మూడో భాగంలో ఏడుస్తూ "నువ్వు తిన్నావా అక్కా?" అంటుంది. అక్కడ నేను వర్ణన ఒక్క ముక్క రాయలేదు. ఆ భాగానికి వచ్చినన్ని ఉత్తరాలు నాకు మరి దేనికీ రాలేదు. అన్నం తిన్నావా అని అడగడమే అక్కడా ఆప్యాయత. మన ఇళ్లలో ఎలా అడుగుతామో అలాగే.

ఇక అసలు విషయం. మక్నే కూడా కాస్తుంది, కాకపోతే ఆమె దగ్గరున్న పరికరాలు వేరు. పెద్దవాళ్లకి ఎదురుచెప్పలేదు, మేనేజర్‌ని నిలదీయలేదు. యున్సొ మోకాలి నొప్పిని గ్రూపులో మొదట కనిపెట్టేది దమి. డాన్స్‌లో మోకాళ్ల మీద కూర్చునే చోట తానొక అరసెకను ముందే చెయ్యి అందిస్తుంది, చూసేవాళ్లకి అది స్టెప్పులో భాగంలాగే ఉంటుంది.

ఇలాంటివి పట్టుకోవాలంటే ఫ్యాన్‌క్యామ్‌లు చూడండి. ఒక్క మనిషినే మొదటినుంచి చివరిదాకా పట్టి తీసే వీడియోలు. 2014లో ఎక్సిడ్ గ్రూపు పాట చార్టుల్లోంచి జారిపోయాక, హానీ ఫ్యాన్‌క్యామ్ ఒకటి నోటా నోటా పాకి ఆ పాటను మళ్లీ పైకి లేపింది. వాటికి అంత బలముంది. కానీ మీరు మధ్యలో ఉన్న మనిషిని చూడకండి, అంచులు చూడండి. పక్కవాళ్ల చెవిలోంచి జారుతున్న ఇయర్‌పీస్ సర్దే చెయ్యి, కూర్చోగానే ఒళ్లో జాకెట్ కప్పే చెయ్యి, మూత తీసి అందించే నీళ్ల సీసా. నా నోట్‌బుక్కులో ఇలాంటివే పేజీలకు పేజీలున్నాయి.

అపోహ: అదంతా కంపెనీ నేర్పిన నటన

కొంత నటనే. కెమెరా తిరుగుతోందని తెలిసినవాళ్లు కాస్త ఎక్కువే ముద్దు చేసుకుంటారు, ఎడిటర్ ఆ ముక్క మీద రంగురంగుల అక్షరాలు అద్దుతాడు. కానీ గ్రూపంతా ఒకే వసతిలో, డార్మ్‌లో ఉంటారు. శుక్రవారం మ్యూజిక్ బ్యాంక్ అనే టీవీ పాటల షో ప్రసారం సాయంత్రమైనా, ప్రీ-రికార్డింగ్ ఉంటే తెల్లారకముందే మేకప్ కుర్చీలో ఉండాలి. అప్పుడు వ్యాన్‌లో ఒకరి భుజం మీద ఒకరు పడుకుంటారు. ఆ నిద్రని ఎవరూ నేర్పరు. మీ కథలో కెమెరా ముందు ఒక యున్సొ, కెమెరా ఆగాక ఒక యున్సొ ఉండనివ్వండి. రెండోది కాస్త విసుక్కుంటుంది, తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చేస్తుంది.

అపోహ: ఇంత ఇష్టం ఉందంటే అది ప్రేమకథే

కావచ్చు, కాకపోవచ్చు. అది రాసేవాళ్ల ఇష్టం. నా ఇద్దరిదీ అక్కాచెల్లెళ్ల బంధం. ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. నిజంగా బతికున్న మనుషుల పేర్లు పెట్టి వాళ్ల మనసుల్లోకి దూరి రాయను. వాళ్లు అది చదవగలరు. కల్పిత గ్రూపు కట్టుకోవడానికి మహా అయితే ఒక వారం పని ఎక్కువవుతుంది, అంతే కదా.

అపోహ: ఒకరు కాస్తున్నారంటే రెండోవాళ్లు బలహీనులు

దమికి గొంతులో నొప్పి మొదలవుతుంది. ఎవరికీ చెప్పదు. యున్సొ వినే కనిపెడుతుంది, ఎందుకంటే ఆ గొంతుని ఆమె విన్నంతగా ఎవరూ వినలేదు. కమ్‌బ్యాక్, అంటే కొత్త పాటతో మళ్లీ స్టేజీ ఎక్కడం, పది రోజుల్లో ఉంది. యున్సొ నిర్మాత దగ్గరికి వెళ్లి ఆ పై స్వరం లైవ్‌లో వద్దని, కింది స్థాయిలో ఇంకో లైన్ పెట్టమని అడుగుతుంది. ఆయన ఒప్పుకుంటాడు. దమికి చెప్పరు.

పాఠకులు యున్సొని ఆకాశానికెత్తేశారు. తర్వాతి వారం దమికి నిజం తెలుస్తుంది.

"నా గొంతు సంగతి నన్నడక్కుండా ఎలా తేల్చేశావక్కా? నువ్వు నా పాట విన్నావా, నన్ను చూశావా?"

ఈ గొడవ రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. దమి మాట నిజం కాబట్టి. పదహారేళ్లకి స్టేజీ ఎక్కిన పిల్ల. ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, జుట్టుకి ఏ రంగు వేయాలో అన్నీ ఇంకొకరు తేల్చిన బతుకు. తనదంటూ మిగిలింది ఆ గొంతు ఒక్కటే. దాన్ని కూడా ఇంకొకరి చేతిలో పెట్టేసింది, తనని అందరికంటే ఎక్కువ ప్రేమించే మనిషి. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, విశ్రాంతి తీసుకోవాల్సిందే. అందులో యున్సొ తప్పేమీ లేదు. కానీ ఆ మాట దమి నోటి నుంచి రావాలి. యున్సొ చెయ్యాల్సింది ఆమెతో పాటు వెళ్లి ఆ గదిలో పక్కన కూర్చోవడం.

కొత్తగా రాసేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే. మీ మక్నేకి కోపం ఇవ్వండి. కాచుకునే మనిషి కనీసం ఒక్కసారైనా తప్పు చెయ్యాలి, కాచబడే మనిషి ఆ తప్పుని ముఖం మీద చెప్పాలి.

అపోహ: నిజంగా ప్రేమ ఉంటే గ్రూపు విడిపోదు

2009 జులైలో టీవీఎక్స్‌క్యూ గ్రూపులోని ముగ్గురు సభ్యులు తమ 13 ఏళ్ల కాంట్రాక్టు మీద కోర్టుకెక్కారు. అదే ఏడు కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ఒక నమూనా కాంట్రాక్టు తెచ్చింది, గడువు 7 ఏళ్లు. అప్పటినుంచి ఏడో ఏడు అనగానే ప్రతి గ్రూపు అభిమానులకీ టెన్షన్. బీటీఎస్‌లా మళ్లీ సంతకాలు చేసి కలిసి ఉన్నవాళ్లున్నారు. చెరో కంపెనీకి వెళ్లినా నేటికీ ఒకరి కచేరీకి ఒకరు వచ్చి కూర్చునేవాళ్లూ ఉన్నారు.

నా సీరియల్లో ఇప్పుడు ఏడో ఏడు నడుస్తోంది. యున్సొకి ఇరవై ఏడు, దమికి ఇరవై రెండు. దమికి ఒంటరిగా పాడాలని ఉంది, చెప్పడానికి భయపడుతోంది. పోయిన భాగంలో యున్సొ కాంట్రాక్టు కాగితాలు తెచ్చి డార్మ్ వంటగది బల్ల మీద పరిచింది. పెన్సిల్‌తో ఒక్కో క్లాజు పక్కన చిన్న అక్షరాలతో రాసింది: "ఇది అడుగు", "దీనికి ఒప్పుకోకు", "ఇది లాయర్‌కి చూపించు". చివరి పేజీలో సంతకం చేసే చోట ఏమీ రాయలేదు. పెన్సిల్ దమి చేతికిచ్చి, రెండు గిన్నెల్లో అన్నం వడ్డించడానికి లేచింది.

దమి ఇంకా ఆ పేజీ తిప్పలేదు. ఆదివారం పెట్టాల్సిన భాగం అక్కడినుంచే మొదలవుతుంది.