జరిమానా సరే, బోటు నడిపేవారికి పాఠం ఎవరు చెబుతారు?

కొల్లాపూర్ వైపు కృష్ణ మీద మరబోట్లు తిరగడం మొదలైంది విహారం కోసం కాదు, అవసరం కోసం. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం ఊళ్లను ముంచింది, నది వెడల్పయింది. పుట్టిలో దాటిన రేవుల్లోకి ఇంజన్ బోట్లు వచ్చాయి. నడపడం ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నదే, ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది కాదు. సోమశిలలో ఇప్పుడు పర్యాటకులను తిప్పే బోట్ల వెనుక ఉన్నదీ ఈ అలవాటే. నాగార్జునసాగర్ సంగతి కొంత వేరు. అక్కడ నాగార్జునకొండకు పర్యాటక శాఖ లాంచీలు నడుస్తాయి.

2007 జనవరిలో, సింగోటం జాతర రోజుల్లో, కొల్లాపూర్ వైపే ఉన్న మంచాలకట్ట దగ్గర కిక్కిరిసిన పడవ మునిగి సుమారు 60 మంది చనిపోయారు. ఆ రేవు అక్కడివాళ్లకు కొట్టిన పిండి. ఎంతమందిని ఎక్కించాలనే లెక్క ఒక్కటే లేకపోయింది. తర్వాత 2017 నవంబరులో విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో, 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు దగ్గర బోట్లు మునిగాయి. కచ్చులూరులో వరంగల్ వైపు వాళ్లూ పోయారు.

చట్టం లేక కాదు. ఆవిరి పడవల కాలంలో, 1917లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన చట్టమే పడవ నడిపే సరంగుకు, ఇంజన్ డ్రైవర్‌కు సర్టిఫికెట్ ఉండాలంది. వందేళ్లు దాటాక దాని స్థానంలో నదులు, జలాశయాల్లో తిరిగే పడవల కోసం 2021 నాటి అంతర్గత నౌకల చట్టం వచ్చి, 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రేషన్, బోటు తనిఖీ (సర్వే), బీమా, సిబ్బందికి అర్హత పత్రం అన్నీ అందులో ఉన్నాయి. తప్పు చేస్తే జరిమానా, జైలు, పత్రం సస్పెన్షన్ లేదా రద్దు.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఇంకో మెట్టు ఉంది. ఏడాదిలో రెండుసార్లు కొన్ని బోటింగ్ నిబంధనలు మీరినా, మీరడం వల్ల అధికారులకు తెలపాల్సిన స్థాయి ప్రమాదం జరిగినా, ఆ మనిషి సొంత ఖర్చుతో భద్రతా కోర్సు పూర్తి చేయాలి. చేసినట్టు రుజువు ఇచ్చేదాకా బోటు నడపకూడదు.

నాకు ఇది చాలా ముఖ్యమనిపిస్తుంది. పత్రం సస్పెండైన మనిషి ఆ నెలలన్నీ ఖాళీగా ఉండి, నేర్చుకున్నది ఏమీ లేకుండానే తిరిగి ఇంజన్ దగ్గరికి వస్తాడు. సెల్ఫీ కోసం జనమంతా ఒకే వైపు జరిగితే బోటు ఎందుకు ఒరుగుతుందో, గాలి లేచినప్పుడు ఎప్పుడు వెనక్కి తిప్పాలో, లైఫ్ జాకెట్లు కట్టించాకే ఎందుకు కదలాలో చెప్పడానికి రెండు రోజులు చాలు. సాగర్ రేవులోనే, తెలుగులోనే చెప్పొచ్చు. పత్రం తిరిగి ఇచ్చే ముందు ఆ రెండు రోజులు తప్పనిసరి చేయాలి.