రొమేనియాకు 30 పాయింట్లు పోగొట్టిన ఆటగాడు: ఫకాఓసిలెయా కేసు వెనక కథ

2027లో ఆస్ట్రేలియాలో జరిగే రగ్బీ వరల్డ్ కప్‌కు రొమేనియా, స్పెయిన్ రెండూ వెళ్తున్నాయి. ఈ రెండు పేర్లు పక్కపక్కన కనిపిస్తే చాలు, 2018 నాటి గొడవ మళ్లీ లేస్తుంది. రొమేనియా ఒకప్పుడు ఫ్రాన్స్‌నీ వేల్స్‌నీ ఓడించిన రోజుల జోలికి ఇక్కడ పోనక్కర్లేదు. 1987 నుంచి 2015 దాకా ఒక్క వరల్డ్ కప్ కూడా తప్పని జట్టు అని గుర్తుంటే సరిపోతుంది.

ఎవరినడిగినా 2018 మార్చి 18న బ్రస్సెల్స్‌లో జరిగిన మ్యాచ్ గురించే చెబుతారు. బెల్జియంపై గెలిస్తే స్పెయిన్‌ 2019 వరల్డ్ కప్‌కు వెళ్లేది. 10-18తో ఓడింది, బెర్త్ రొమేనియాకు దక్కింది. రెఫరీ వ్లాద్ యోర్దకెస్కు రొమేనియా వాడు. యూరప్ రగ్బీ సంఘానికి అప్పటి అధ్యక్షుడు ఒక్తావియన్ మొరారియుదీ అదే దేశం. మ్యాచ్ అయ్యాక స్పెయిన్ ఆటగాళ్లు రెఫరీ మీదికి వెళ్లారు, కొందరిపై నిషేధం పడింది. అలాంటి మ్యాచ్‌కు ఆ రెఫరీని వేయడం తెలివితక్కువ పనే. అయినా రొమేనియా తలరాత మారింది ఆ మ్యాచ్‌లో కాదు.

అది మారింది సియోనే ఫకాఓసిలెయా వల్ల. టోంగాలో పుట్టి, సెంటర్ స్థానంలో ఆడే ఇతను 2013లో టోంగా సెవెన్స్ జట్టుకు ఆడాడు. తర్వాత రొమేనియాలో స్థిరపడి, 2017లో ఆ దేశపు జెర్సీ వేసుకున్నాడు. ఒక దేశపు సీనియర్ జట్టుకు ఆడినవాడు మరో దేశానికి మారకూడదన్నది అప్పటి నిబంధన. ఏడుగురు ఆడే సెవెన్స్ కూడా అందులోకే వచ్చేది. బ్రస్సెల్స్ గొడవ తర్వాత మొదలైన విచారణలో ఇది బయటపడింది. అతను ఆడిన ఆరు మ్యాచ్‌లకు, మ్యాచ్‌కు ఐదు చొప్పున, వరల్డ్ కప్ అర్హత పట్టికలో రొమేనియాకు 30 పాయింట్లు కోసేశారు. అప్పీలూ నిలవలేదు.

ఇక్కడ రొమేనియా వైపు నుంచి కూడా చూడాలి. అనర్హులను ఆడించినందుకు అదే విచారణలో బెల్జియంకు 30, స్పెయిన్‌కు 40 పాయింట్లు పోయాయి. అంటే ఫిర్యాదు చేసిన స్పెయిన్ లెక్క ఇంకా పెద్దది. తెలిసి చేశారా, తెలియక చేశారా అన్నది ఈ నిబంధనకు అక్కర్లేదు. ఫకాఓసిలెయా విషయంలో కాగితాలు దిద్దారన్న మాట లేదు. ఆటగాడి పాత రికార్డు సరిచూడలేదు, అంతే. చూసుకోవాల్సిన బాధ్యత మాత్రం ముమ్మాటికీ రొమేనియా సంఘానిదే. ముగ్గురూ పోగా బెర్త్ రష్యాకు వెళ్లింది. 2019 సెప్టెంబర్ 20న టోక్యోలో జపాన్‌తో ఆరంభ మ్యాచ్ ఆడింది ఆ జట్టే.

నాలుగేళ్లకు వంతు తిరిగింది. గావిన్ వాన్ డెన్ బర్గ్ అనే అర్హత లేని దక్షిణాఫ్రికా ఆటగాణ్ని రెండు మ్యాచ్‌లు ఆడించినందుకు 2022 ఏప్రిల్‌లో స్పెయిన్‌కు 10 పాయింట్ల కోత పడింది. ఈసారి పాస్‌పోర్ట్ కాపీనే మార్చారని తేలింది. అలా 2023 బెర్త్ రొమేనియాకు వచ్చింది. అక్కడ నాలుగు మ్యాచ్‌లూ ఓడింది. దక్షిణాఫ్రికాపై 0-76, స్కాట్లాండ్‌పై 0-84. అర్హత లేని జట్టు వెళ్లిందని స్పెయిన్ అభిమానులు నేటికీ ఈ స్కోర్లే చూపిస్తారు. అదే టోర్నీలో పోర్చుగల్ 24-23తో ఫిజీని ఓడించడం వాళ్ల వాదనకు ఇంకాస్త బలమిచ్చింది.

2027కి జట్ల సంఖ్య 20 నుంచి 24కు పెరిగింది. 2025 యూరప్ చాంపియన్‌షిప్‌లో సెమీస్ చేరిన జార్జియా, స్పెయిన్, రొమేనియా, పోర్చుగల్ నాలుగూ నేరుగా అర్హత సాధించాయి.