పరిగె అంటే ఏంది తాతా?

హనుమకొండ,
యాసంగి కోతల కాలం

మనుమలకూ మనుమరాళ్ళకూ తాత దీవెనలు.

మొన్న ఇంటి ప్రార్థనలో బైబిల్‌లోని రూతు గ్రంథం రెండో అధ్యాయం చదువుతుంటే, మీలో చిన్నది మధ్యలో ఆపి "పరిగె అంటే ఏంది తాతా?" అని అడిగింది. పెద్దవాళ్ళు "తర్వాత చెప్తం, చదవనియ్యి" అన్నారు. అట్లా అనకుండా ఉండాల్సింది. ఆ ఒక్క మాట తెలియకపోతే ఆ అధ్యాయమంతా చదివినా చేతికి ఏమీ రాదు.

పరిగె అంటే కోత అయ్యాక మడిలో మిగిలిపోయిన కంకులు. ఇప్పుడు నర్సంపేట దిక్కు పోయినా పరకాల దిక్కు పోయినా వరి మిషన్‌తోనే కోస్తున్నారు కాబట్టి ఆ మాట మీ చెవిన పడలేదు. మా చిన్నతనంలో అంతా కొడవలి కోతే. కోసిన వరిని మడిలోనే పరిచేవారు, ఆరాక కట్టలు కట్టేవారు, నెత్తిన పెట్టుకుని కల్లానికి మోసేవారు. కోసేటప్పుడు కొన్ని, కట్టేటప్పుడు కొన్ని, మోసేటప్పుడు కొన్ని కంకులు రాలేవి. భూమి లేని ఇళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు వెనకాల నడుస్తూ, నడుం వంచి ఒక్కొక్క కంకినీ ఏరి కొంగులో వేసుకునేవారు. ఎండ నెత్తిన ఉండేది, కొయ్యలు కాళ్ళకు గుచ్చుకునేవి. పొద్దంతా ఏరితే ఒక పూట వంటకు వచ్చేది.

రూతు చేసింది ఈ పనే. బేత్లెహేములో యవల (బార్లీ) కోత ఏప్రిల్‌లో, అంటే ఇంచుమించు మన యాసంగి కోతలప్పుడే. మనకు పరిగె వదలడం ఆ రైతు మంచితనం. ఇశ్రాయేలీయులకు అది ధర్మశాస్త్రం. పొలం అంచులదాకా కోయకూడదు, రాలినవి ఏరుకోకూడదు అని లేవీయకాండం 19:9–10లో ఉంది. ఒక కట్ట మరిచిపోయి వస్తే దానికోసం వెనక్కి పోవద్దని ద్వితీయోపదేశకాండం 24:19. అవి పరదేశికి, తండ్రిలేని వాళ్ళకు, విధవరాలికి. రూతు మోయాబు దేశపుది, భర్త చనిపోయాడు. అంటే ఆ పరిగె మీద ఆమెకు హక్కే ఉంది. అయినా ఏరుకోనివ్వమని పనివాళ్ళ పెద్దను అడిగింది. రూతు 2:7 చూడండి, అక్కడ రాసి ఉంది. హక్కు ఉన్నచోట కూడా అడిగి తీసుకున్న ఆ పిల్ల పద్ధతి నాకు ఎంతో ఇష్టం.

ఇక చదవడం గురించి. చదవడమంటే కూడా పరిగె ఏరడమే బిడ్డా. మిషన్ లాగా అధ్యాయం ఈ చివర నుంచి ఆ చివరకు కోసుకుంటూ పోతే "అయిపోయింది" అనిపిస్తుంది, అంతే. ఏరేవాళ్ళు నిలబడి ఏరలేరు, వంగాలి. నడిచిన చోటే మళ్ళీ నడవాలి.

ఇంకో రకం కూడా ఉంది, ఒకే కంకి తెంపుకుని ఇంటికి పోయే రకం. కొత్త సంవత్సరం రాత్రి, ఒక్క బైబిల్ వచనం రాసి ఉండే వాగ్దానపు కార్డు తీసుకుంటాం కదా. యిర్మీయా 29:11 వస్తే అందరికీ సంతోషం, అందులో నిరీక్షణ, అంటే ఆశ, అన్న మాట ఉంది. దాని పైనున్న 10వ వచనం ఎవరూ చదవరు. డెబ్బై ఏండ్లు బబులోనులో గడిచాకే ఆ మాట నెరవేరుతుందని అక్కడ ఉంది. అది బబులోను చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి ఇల్లు చూడలేదు. అయినా ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని అదే ఉత్తరంలో చెప్పాడు. కార్డు పారేయమని నేను అనను. కార్డు వచ్చిన రోజే ఆ అధ్యాయం మొత్తం చదవమంటాను.

రూతులోనూ ఇట్లాగే జరుగుతుంది. "నీవు వెళ్ళే చోటికే నేనూ వస్తాను" అన్న మాటను పెళ్ళిళ్ళలో భార్యాభర్తల మాటగా చదవడం ఉంది. అది కోడలు అత్తతో అన్న మాట. ఇచ్చేదేమీ లేక, తిరిగి పొమ్మని బతిమాలుతున్న అత్తతో. మన ఇళ్ళల్లో అత్తాకోడళ్ళ సంగతి మీకు తెలుసు. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో తెలిశాక దాని బరువే వేరు.

ఇంట్లో ఎట్లా చదవాలో చెప్తాను. ఈ గ్రంథం నాలుగే అధ్యాయాలు, 85 వచనాలు. మొదటి రోజు మొత్తం ఒకేసారి పైకి చదవండి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. ఎవరూ వివరణ చెప్పొద్దు. మరుసటి రోజు నుంచి రోజుకొక అధ్యాయం. ఇందులో సగానికి పైగా మాటలే కాబట్టి ఒకరు అత్త నయోమి, ఒకరు రూతు, ఒకరు ఆ పొలం యజమాని బోయజు, మిగతా కథ ఇంకొకరు. అన్నం తినకముందే కూర్చోండి, తిన్నాక చిన్నవాళ్ళకు నిద్ర ముంచుకొస్తుంది. ఫోన్‌లో కాదు, పుస్తకంలో. పక్కన పెన్సిల్ పెట్టుకుని, మళ్ళీ మళ్ళీ వచ్చే మాట కింద గీత గీయండి. "మోయాబీయురాలైన రూతు" అని ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. బోయజు ఆమెను పెళ్ళాడిన 4:13 నుంచి ఆ మాట మళ్ళీ రాదు. అక్కడి నుంచి ఆమె ఇంటి మనిషి.

ఈ కుటుంబ పఠనం చెడేది ఎక్కువగా పెద్దవాళ్ళ వల్లే. పిల్లలు ప్రశ్న అడగ్గానే ప్రసంగం మొదలుపెడతారు. మీ అమ్మానాన్నలకు ఈ ఉత్తరం చూపించండి. ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పకుండా "ఏ వచనంలో చూశావు?" అని తిరిగి అడగాలి.

వంగి ఏరితే ఏం దొరుకుతుందో రెండు చూపిస్తాను. 2:14లో బోయజు రూతుకు పేలాలు ఇచ్చాడు. ఆమె తృప్తిగా తిని కొన్ని మిగిల్చింది. ఎందుకు? అక్కడ చెప్పడు. నాలుగు వచనాలు నడిచాక, 18లో, అవి తీసి అత్త చేతిలో పెట్టింది.

రెండోది 2:12. నువ్వు దేవుని రెక్కల కింద ఆశ్రయం కోసం వచ్చావు, ఆయన నీకు బహుమానం ఇవ్వాలి అని బోయజు దీవించాడు. 3:9లో రూతు అదే బోయజుతో, నీ కొంగు నా మీద కప్పు అంటుంది. తెలుగులో రెక్క వేరు, కొంగు వేరు. హీబ్రూలో రెండింటికీ ఒకటే మాట, కానాఫ్. నువ్వు చేసిన ప్రార్థనకు నువ్వే జవాబు కావాలి అని ఆమె అడుగుతోందన్నమాట! ఇది మొదటిసారి తెలిసినప్పుడు పుస్తకం మూసి కాసేపు అట్లాగే కూర్చోవాలనిపిస్తుంది. దీనికి నేను ఇంకేమీ వివరణ చేర్చను.

రూతు ఏరినదాన్ని ఆ సాయంత్రం తానే దుళ్ళగొడితే తూమెడు యవలయ్యాయి. హీబ్రూ కొలత ఏఫా, ఇంచుమించు 22 లీటర్లు, తూకంలో పది కిలోలు దాటుతుంది. ఒక్క మనిషి ఒక్క రోజు పరిగె ఏరితే అంత రాదు. ఎట్లా వచ్చిందో 2:16లో ఉంది, వెతకండి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, ఎండ తగ్గినంక, కోసిన మడి దగ్గరికి పోండి. రైతును అడగండి, రూతు అడిగినట్టే. మిషన్ మలుపు తిరిగే మూలల్లో, గట్ల పక్కన కంకులు మిగులుతాయి. చెప్పులు వేసుకోండి. గంటసేపు ఏరి, సంచి మీద పోసి కర్రతో కొట్టి, చాటతో చెరగండి, తాలు పోతుంది. కిరాణం కొట్టులో తూకం వేయించి, ఎన్ని గ్రాములయ్యాయో నాకు రాయండి. ఆ వడ్లు ఎవరికి ఇచ్చారో కూడా రాయండి.

మీ తాత