తామర అంచున ఏం జరుగుతోంది?

"చర్మం మీద తామర మచ్చ మధ్యలో మానిపోయింది కదా, ఇంకా మందు రాయాలా?" అని ఒక పాఠకుడు అడిగారు. రాయాలి. ఎందుకో తెలియాలంటే మాత్రం మధ్యలో కాదు, అంచున చూడాలి.

ఎండుగడ్డి మైదానంలో నిప్పురవ్వ పడిందనుకోండి. గాలి లేకపోతే మంట అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. కాసేపటికి మధ్యలో బూడిద, చుట్టూ మండే వలయం. తామర ఫంగస్ కూడా అంతే. సన్నని పోగుల్లా పెరుగుతుంది. పోగు కొనే ముందుకు సాగుతుంది కాబట్టి, మొదలైన చోటు నుంచి చుట్టూ విస్తరిస్తుంది. దాని మేత కెరటిన్, అంటే చర్మం పైపొరలోని చచ్చిన కణాల్లో ఉండే గట్టి ప్రొటీన్. కెరటినేజ్ అనే ఎంజైములతో దాన్ని కరిగించుకుని తింటుంది.

మరి మధ్యలో మేత అయిపోయిందా? కాదు. పైపొర అడుగు నుంచి పుడుతూనే ఉంటుంది, దాదాపు నాలుగు వారాల్లో మొత్తం మారిపోతుంది. ఫంగస్‌ను పసిగట్టగానే ఒంటి రక్షణ దళంలోని టి కణాలు అక్కడికి చేరతాయి. అడుగు కణాలు మామూలుకన్నా జోరుగా విభజన చెంది, పైపొరను ఫంగస్‌తో సహా పొలుసులుగా రాల్చేస్తాయి. ఎరుపు, దురద, పొలుసు చాలావరకు మన ఒంటి పనే. మధ్యలో ఆ పని దాదాపు ముగిసింది, అంచున ఇంకా నడుస్తోంది. డాక్టర్లు పరీక్షకు అంచునే గీకేది అందుకే. ఆ పొలుసు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే చర్మకణాలు కరిగి, మైక్రోస్కోపులో పోగులు బయటపడతాయి.

ఇక ఈ రక్షణ పనిని అణిచేసే స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే ఏమవుతుందో మీరే చెప్పగలరు. మంటలార్పేవాళ్లను ఇంటికి పంపేసినట్టు! దురద తగ్గుతుంది, ఎరుపు తగ్గుతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. వలయం చెదిరిపోయి, చూడగానే తామర అని చెప్పలేని రూపం వస్తుంది. దీన్ని 'టీనియా ఇన్‌కాగ్నిటో' అంటారు, మారువేషంలోని తామర అన్నమాట. టీనియా అంటే లాటిన్‌లో పురుగు. ఇంగ్లీషులోనూ దీని పేరు 'రింగ్‌వర్మ్', ఉంగరం పురుగు. తలమీద వచ్చే ఇలాంటి జబ్బుకు కారణం ఫంగస్ అని 1841లో పారిస్‌లో డేవిడ్ గ్రూబీ అనే వైద్యుడు చూపించినా, లేని పురుగు పేర్లలో అలాగే ఉండిపోయింది.

గడ్డి పోలిక ఒకచోట తలకిందులవుతుంది. గడ్డి తడిస్తే మంట ఆరుతుంది, చర్మం చెమ్మగా ఉంటే తామర చెలరేగుతుంది. గజ్జల్లో, వేళ్ల సందుల్లో వచ్చేది అందుకే. అక్కడ పొడిగా తుడుచుకోవడం, బిగుతు బట్టలు మానడం, తువ్వాలు పంచుకోకపోవడం సగం వైద్యం.

మిగతా సగం మందు. మన కణాల పొరలో కొలెస్టరాల్ ఉంటే, ఫంగస్ పొరలో దానిలాంటిదే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు ఉంటుంది. టెర్బినాఫిన్ అనే మందు ఎర్గోస్టెరాల్ తయారీలో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమును ఆపేస్తుంది. క్లోట్రిమజోల్ అనే మరో మందు ఆ తర్వాత వచ్చే ఇంకో మెట్టులో అడ్డుపడుతుంది. కొన్ని తామర ఫంగస్‌లలో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ కాస్త మారిపోయి, టెర్బినాఫిన్‌కు లొంగడం లేదు. వాడినా తగ్గకపోతే డాక్టరుకు చూపించమనేది అందుకే.

కాబట్టి మందు మచ్చ మీదే కాదు, అంచు దాటి మరో 2 సెంటీమీటర్లు రాయాలి. మచ్చ కనిపించకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు, సాధారణంగా ఒకటి రెండు వారాలు, ఆపకూడదు. తలలో, గోళ్లలో వస్తే చాలాసార్లు మాత్రలే వాడాలి. గోరు విషయంలో ఓపిక మరీ ఎక్కువ కావాలి. కాలి బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. లోపల ఫంగస్ చచ్చినా, పాత గోరు పెరిగి బయటికి వెళ్లేదాకా అలాగే పసుపుపచ్చగా కనిపిస్తుంది.