ఒకే రూపు వచ్చింది, ఒత్తులు తెగాయి

2011కు ముందు ఆండ్రాయిడ్ యాప్‌లో సిస్టమ్ బటన్ పెడితే, ఫోన్ కంపెనీ దానికి ఏ రంగు వేస్తే అదే రంగు. నల్లటి నేల అనుకుని తెల్ల అక్షరాలు పెడితే, ఇంకో ఫోన్‌లో తెలుపు మీద తెలుపే. ఆండ్రాయిడ్ 4.0తో ఫోన్లకు వచ్చిన హోలో థీమ్ (బటన్లకూ తెరలకూ గూగుల్ ఇచ్చిన ఒకే రూపు) దీనికి విరుగుడు. ఆ థీమ్‌ను మార్చకుండా ఉంచితేనే ఫోన్‌లో ఆండ్రాయిడ్ మార్కెట్ (ఇప్పటి ప్లే స్టోర్) ఉంటుందని 2012 జనవరిలో గూగుల్ తేల్చింది.

2014 జూన్‌లో యాప్‌ల రూపానికి గూగుల్ రాసిన నియమావళి, మెటీరియల్ డిజైన్, కొలతలతో సహా దిగింది: 8 డీపీ (ఏ స్క్రీన్ మీదైనా దాదాపు ఒకే సైజులో కనిపించే కొలత) గడులు, వేలు తాకే చోటు కనీసం 48 డీపీ (దాదాపు 9 మి.మీ.), 56 డీపీ గుండ్రటి బటన్. అన్ని యాప్‌లూ కవలల్లా ఉన్నాయన్న విమర్శ అప్పుడే మొదలైంది. 2018లో ఎవరి రంగులు, మూలల వంపులు వారు మార్చుకునే వీలిచ్చారు. గూగుల్ తన ఐఫోన్ యాప్‌లకూ ఇదే రూపు తొడిగింది, 2021లో ఆ ఐఓఎస్ లైబ్రరీ (ఐఫోన్ యాప్‌లలో వాడే రెడీమేడ్ కోడ్) అభివృద్ధిని ఆపేసింది.

48 డీపీతో తెలుగుకు పేచీ లేదు. పేచీ అంతా అక్షరం ఎత్తుతోనే. పొడవు లిపుల జాబితాలో తెలుగును మెటీరియల్ పేరు పెట్టి చేర్చింది, వరుస ఎత్తు పెంచమనీ చెప్పింది. అయినా 36 డీపీ బటన్‌కు ఆ ఎత్తునే బిగించేసేవాళ్లు ఎక్కువ. అందులో ‘రాష్ట్రం’ పెట్టి, ఫోన్ సెట్టింగుల్లో అక్షరాలు పెద్దవి చేయండి: కింద ఒత్తులు తెగిపోతాయి. ఫాంట్ ప్యాడింగ్ (అక్షరాల పైనా కిందా వదిలే అదనపు ఖాళీ) తీసేస్తే మరీ ఘోరం. ఇంకోటి, అప్పటి బటన్ మాటలన్నీ ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో ఉండేవి. చుట్టూ గీత లేని బటన్‌ను గుర్తుపట్టడానికి రంగుతోపాటు అదీ ఒక ఆనవాలే. తెలుగులో పెద్దక్షరాలెక్కడివి? ఆ ఆనవాలు కాస్తా పోయి బటన్ మామూలు వాక్యంలో కలిసిపోయింది.

ఎత్తు బిగించకుండా కనీస ఎత్తు 48 డీపీ అని ఇచ్చి, పైకీ కిందికీ పెరగనివ్వాలి. పరీక్షకు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ చాలు. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలు 200 శాతం దాకా పెరుగుతాయి కాబట్టి అక్కడా చూడాలి. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లలో ఇరికించిన ఫాంటు బదులు పూర్తి ఎత్తు ఫాంటే డిఫాల్ట్. పాత బిగింపు ఎత్తులు మిగిలి ఉంటే అవి బయటపడేది అక్కడే.