కే-నైన్: దారం కట్టి లాగిన రోబో కుక్క (అపోహలు - వాస్తవాలు)

షూటింగులకీ, స్టేజీ షోలకీ రిమోట్‌తో కదిలే బొమ్మలు చేసిపెట్టడం నా పని. ఆర్డరివ్వడానికి వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే. "దానంతట అదే తిరగాలి సార్, పిల్లలతో మాట్లాడాలి, మెట్లెక్కితే ఇంకా మంచిది." అప్పుడు నేను ఫోన్ తీసి ఒక కుక్క ఫొటో చూపిస్తాను. పెట్టెలాంటి ఒళ్లు, చెవులున్నచోట తిరిగే బుల్లి రాడార్లు, యాంటెన్నా తోక, మెడకు గళ్ల పట్టీ. పేరు కే-నైన్. కుక్కజాతిని ఇంగ్లిష్‌లో కేనైన్ అంటారు కదా, ఆ మాటనే ఒక అక్షరం, ఒక అంకెగా విరిచి పెట్టిన పేరు. బీబీసీలో 1963లో మొదలైన 'డాక్టర్ హూ' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్లోకి ఇది 1977 అక్టోబరులో వచ్చింది. బ్రిటన్‌లో ఆ తరం పిల్లలకు ఇంట్లో కుక్కలాగే ఇదీ ఒకటి. దీని చుట్టూ అల్లుకున్న అపోహలూ, నా దగ్గరికి వచ్చేవాళ్ల అపోహలూ చాలావరకు ఒకటే.

అపోహ: 'స్టార్ వార్స్' సినిమాలోని బుల్లి రోబో ఆర్2-డీ2ని చూసి కాపీ కొట్టారు.

తేదీలు చూస్తే చాలు. 'స్టార్ వార్స్' అమెరికాలో విడుదలైంది 1977 మే నెలాఖరులో, బ్రిటన్‌లో డిసెంబరు చివర్లో. కే-నైన్ మొదటి కథ స్టూడియోలో రికార్డయింది ఆ ఏప్రిల్‌లోనే. రాసినవాళ్లు బాబ్ బేకర్, డేవ్ మార్టిన్. వాళ్లు దాన్ని ఒక్క కథ కోసమే రాశారు. నిర్మాత గ్రాహం విలియమ్స్ ఆ తర్వాత కూడా ఉంచేశాడు. ఖర్చుపెట్టి చేయించిన బొమ్మను ఒక్క కథతో మూలన పడేయడానికి ఏ నిర్మాతకు మనసొప్పుతుంది?

అపోహ: లోపల ఒక పొట్టి మనిషి ఉండేవాడు.

ఉండటానికి చోటే లేదు. ఇది అమెరికన్ సీరియల్ 'లాస్ట్ ఇన్ స్పేస్' వల్ల వచ్చిన అయోమయం. 1965 నుంచి 1968 దాకా వచ్చిన ఆ సీరియల్లో రోబో లోపల బాబ్ మే అనే నటుడు నిజంగానే దూరేవాడు. గొంతు మాత్రం డిక్ టఫెల్డ్‌ది, తర్వాత డబ్బింగ్ చెప్పేవాడు. కే-నైన్ ఫైబర్ గ్లాస్ డొప్పలో ఉన్నవి బ్యాటరీలు, మోటార్లు, రేడియో రిసీవరే.

అపోహ: రిమోట్ ఉంటే చాలు, చెప్పినచోటికి వెళ్తుంది.

ఇది నా కడుపు మండే విషయం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

కే-నైన్‌ను రేడియో కంట్రోల్‌తో నడిపేవారు. ఆ సిగ్నల్‌కూ స్టూడియో కెమెరాలకూ అస్సలు పడలేదు. ఇది దగ్గరికెళ్తే కెమెరాలకు ఇబ్బంది, కెమెరాల పక్కన ఉంటే దీనికి తిక్క. అదుపు తప్పి సెట్లో దేన్నో ఒకదాన్ని గుద్దేది. పైగా మోటారు గోల. నటులు డైలాగ్ చెబుతుంటే మధ్యలో ఆ రొద వినిపించేది. తర్వాత విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలోని మ్యాట్ ఇర్విన్ లోపలి సరంజామా మార్చి కొంత దారికి తెచ్చారు.

నేల సంగతి ఇంకా ఘోరం. చిన్న చక్రాలు, నేలకు ఆనినట్టుండే పొట్ట. స్టూడియోలో నున్నటి నేల మీద సరే, అవుట్‌డోర్‌కు పోతే గడ్డిలో, గులకరాళ్లలో కదిలేది కాదు. చెక్క పలకలు పరిచి వాటిమీద నడిపేవారు. అదీ కుదరకపోతే ముందు చేపల గాలానికి వాడే దారం కట్టి, ఫ్రేము బయట నిలబడి లాగేవారు. కొన్ని షాట్లలో జాగ్రత్తగా చూస్తే ఆ దారం కనపడుతుంది కూడా!

మీరు నవ్వుతారేమో గానీ నేను నవ్వను. ఒక పెళ్లి రిసెప్షన్‌లో దండలు మోసుకొచ్చే బొమ్మ చేశాను. మా షెడ్‌లో ఇరవైసార్లు బంగారంలా నడిచింది. ఫంక్షన్ హాల్లో ఎల్ఈడీ గోడ వెలిగి, వాకీటాకీలు మోగి, నాలుగొందల ఫోన్లు ఒకచోట చేరేసరికి పూనకం వచ్చినట్టు ఊగి, కార్పెట్ మడతలో ఇరుక్కుపోయింది. నాకు టెన్షన్‌తో చెమటలు. మా కుర్రాడు బల్లకింద నుంచి పాకుతూ వెళ్లి నైలాన్ దారంతో లాగాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పటినుంచి నా టూల్ బాక్సులో దారం కండె లేకుండా బయల్దేరను.

అపోహ: గొంతు కంప్యూటర్‌ది.

జాన్ లీసన్ అనే నటుడిది. 1979-80 సీజన్లో మాత్రం డేవిడ్ బ్రయర్లీ చెప్పారు. రిహార్సల్స్‌కు బొమ్మను తెచ్చేవారు కాదు. లీసనే మోకాళ్ల మీద, చేతుల మీద పాకుతూ కుక్కలా తిరిగేవాడు. అందుకే సీరియల్ హీరో 'డాక్టర్'గా వేసిన టామ్ బేకర్‌కు ఎదురుగా ఒక నటుడు దొరికాడు, పెట్టె కాదు. "అఫర్మేటివ్, మాస్టర్" (అలాగే, యజమానీ) అనే రెండు మాటల్లో విధేయతా, కాస్త పొగరూ రెండూ వినిపిస్తాయంటే కారణం ఇదేనని నా నమ్మకం. పాపం బేకర్ ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఇద్దరూ ఒకే ఫ్రేములో పట్టాలంటే ఆయన వంగాలి, లేదా నేలమీద కూర్చోవాలి. చూసే పిల్లలకు అది ముద్దుగా ఉంటుంది, నడుముకు తెలుస్తుంది.

అపోహ: తెలివి పెట్టడం కష్టం, నడిపించడం సులువు.

కథలో కే-నైన్ డాక్టర్‌తో చదరంగం ఆడుతుంది. అప్పట్లో అది గొప్ప ఊహ. డేవిడ్ లెవీ అనే స్కాట్లండ్ ఆటగాడు పదేళ్లలోపు ఏ కంప్యూటరూ తనను చదరంగంలో ఓడించలేదని 1968లో పందెం కాసి, 1978లో గెలిచాడు. 1997కల్లా డీప్ బ్లూ అనే కంప్యూటర్ ఏకంగా ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌నే ఓడించింది. ఊహ నిజమైపోయింది. మరి మెట్లు? నాలుగు కాళ్ల రోబోలు ఇప్పుడు ఎక్కుతున్నాయి, వాటి ధర చెబితే నా కస్టమర్లు లేచి వెళ్లిపోతారు. మన ఇళ్లలో ఊడ్చే రోబోను చూడండి. గది మొత్తం మ్యాపు గీసుకుంటుంది, గడప దగ్గరకొచ్చి ఆగిపోతుంది.

అపోహ: కే-నైన్ బీబీసీ సొత్తు.

పాత్ర మీద హక్కులు దాన్ని రాసినవాళ్లవి. అందుకే బీబీసీ ప్రమేయం లేకుండా 2009-10లో ఆస్ట్రేలియాలో దానికి వేరే సీరియల్ తీయగలిగారు. అందులో కే-నైన్ గ్రాఫిక్స్‌తో గాల్లో ఎగురుతుంది. నాకు నచ్చలేదు. ఎగిరేదాన్ని చూసి "అయ్యో, ఇరుక్కుపోయిందే" అని ఎవరనుకుంటారు? 2006లో 'డాక్టర్ హూ'లోకే తిరిగొచ్చినప్పుడు మాత్రం అదే పెట్టె ఒళ్లు, అదే లీసన్ గొంతు, కొంచెం తుప్పు మరకలతో.

ఫొటో చూపించి ఇదంతా చెప్పాక కొందరు మనసు మార్చుకుంటారు. మిగిలినవాళ్లను నేను మొదట అడిగేది సాఫ్ట్‌వేర్ గురించి కాదు. హాల్లో నేల గ్రానైటా, కార్పెట్టా? స్టేజీకి ర్యాంపు ఉందా? దారం లాగే కుర్రాడు దాక్కోవడానికి చోటుందా?