‘అక్కడ దుకాణాల్లో అమ్ముతున్నారు కదా సార్!’: గంజాయిపై అపోహలు - వాస్తవాలు

అపోహ: అమెరికా, కెనడాల్లో చట్టబద్ధం చేశారంటే గంజాయితో ప్రమాదం లేదని తేలిపోయినట్టే.

హనుమకొండలో నా దగ్గరికి చికిత్సకు వచ్చే ఇంజినీరింగ్ కుర్రాళ్లలో ఈ మాట అననివాడు అరుదు. ఎవరు తేల్చారు నాయనా? కొలరాడోలో 2012లో ప్రజలు ఓటేశారు, 2014 జనవరిలో దుకాణాలు తెరిచారు. కెనడా 2018 అక్టోబరులో అనుమతించింది. గంజాయి వాడిన వయోజనులను జైళ్లలో పెట్టడం మానుకుందాం, దొంగ వ్యాపారాన్ని లెక్కలోకి తెచ్చి పన్ను వేద్దాం అనుకుని చేసిన చట్టాలివి. డాక్టర్లు ఇచ్చిన యోగ్యతా పత్రాలు కావు. మద్యం మన దగ్గర చట్టబద్ధమే, దానివల్ల ఎవరి కాలేయమైనా బాగుపడిందా?

పైగా కొలరాడోలో 21 నిండనివాడికి అమ్మితే నేరం. నా ఎదుట కూర్చునేవాడికి 17, 19 ఏళ్లు. ఇరవై దాటాక కూడా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. ఐరోపాలో, బ్రెజిల్‌లో చేసి 2019లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో ప్రచురించిన అధ్యయనంలో, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) 10 శాతం దాటిన ఘాటు సరుకును రోజూ వాడేవారిలో సైకోసిస్ (లేనిది ఉన్నట్టు అనిపించే తీవ్ర మానసిక జబ్బు) ముప్పు వాడనివారికంటే దాదాపు అయిదు రెట్లు కనిపించింది. అక్కడి డబ్బా మీద ఆ శాతమైనా రాసి ఉంటుంది. ఇక్కడ చేతులు మారే పొట్లం మీద, గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్ సీసా మీద ఏం రాసి ఉంటుంది?

పరకాల వైపు నుంచి ఒక తండ్రి కొడుకును తీసుకొచ్చాడు. ఆ అబ్బాయికి నిద్ర లేదు, హాస్టల్ ఫ్యానులో కెమెరా పెట్టారని భయం. గాలి సోకిందని నెలల తరబడి గుళ్లూ దర్గాలూ తిప్పారట. గంజాయి సంగతి అమ్మకు ముందే తెలుసు. ‘విదేశాల్లో అందరూ తాగుతారమ్మా, ఏమీ కాదు’ అని కొడుకు చెబితే నమ్మింది. ఆమెను ఏమనగలం? చదువుకున్న కొడుకు మాట. ఆ ఒక్క మాట వల్ల మందులు మొదలుపెట్టాల్సిన నెలలు పోయాయి. అబ్బాయి కోలుకుంటున్నాడు, కానీ ఆ ఏడాది చదువు పోయింది.

అపోహ: చట్టం మారాక అక్కడి బడిపిల్లలంతా గంజాయికి అలవాటు పడ్డారు.

ఇది తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వదంతి. అమెరికా ప్రభుత్వ సర్వేలో గడచిన 30 రోజుల్లో వాడామన్న హైస్కూలు విద్యార్థులు 2011లో 23 శాతం, 2021లో 16 శాతం. కోవిడ్ వల్ల స్నేహితులు కలవకపోవడం కూడా ఆ తగ్గుదలకు కొంత కారణం కావచ్చు. ఏమైనా, పెరగలేదు. పెరిగింది ఇరవైల్లో ఉన్న యువతలో. ఇంకో ఘోరం, మిఠాయిల్లా కనిపించే గంజాయి తినుబండారాలు. వాటిని మింగిన ఆరేళ్లలోపు పిల్లల కేసులు అక్కడి విష సమాచార కేంద్రాలకు 2017లో 207 వస్తే, 2021లో 3,054 వచ్చాయి.

అపోహ: ఎంఎస్ చదువుకు అమెరికా వెళ్లాక ఇక భయం లేదు.

అక్కడి కేంద్ర చట్టం దృష్టిలో అది ఇప్పటికీ నేరమే. రాష్ట్రం ఏమన్నా, వాడానని వీసా అధికారి ముందు ఒప్పుకుంటే వీసా పోవచ్చు.

అపోహ: అది మూలిక, అలవాటు కాదు.

అవుతుంది. రోజూ తాగేవాడు మానేసిన వారంలో చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం చూసిన ఇంట్లోవాళ్లను అడగండి.

అపోహ: ఆసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసవుతుంది.

ఈ భయంతో వణికిపోతూ వచ్చేవారిని చూస్తే నాకు జాలేస్తుంది. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మాదకద్రవ్యాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్, వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. వెంటనే రాలేకపోతే ముందు వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు.